ఆఖరు రేపు

మొన్న మా దయ్యాల సినిమాల వాట్సాప్ గ్రూపులోంచి ఒకతన్ని వెళ్లగొట్టారు. అతను చేసిన నేరం ఒక్కటే. కొత్తగా వచ్చిన దయ్యాల సిరీస్‌లో ఆఖరికి మిగిలేదెవరో, పోయేదెవరో ముందే రాసిపారేశాడు. ఇక చూడాలి వాళ్ల వీరంగం! హైదరాబాద్‌లో పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసే పిల్లలు, ఎక్కడో కాలేజీలో పాఠాలు చెప్పే సారు, అందరూ కలిసి అతని మీద పడ్డారు. ఒకడైతే శాపనార్థాలే పెట్టాడు. నేను నిజామాబాద్‌లో జాకెట్లు కుట్టుకునేదాన్ని. కుట్టుమిషన్‌కి ఫోన్ ఆనించి పెట్టుకుని ఆ తిట్లన్నీ చదివాను. దయ్యాలూ, గ్రహాల మీది నుంచి దిగేవీ, చచ్చి లేచేవీ నాకు ప్రాణం. ఆ గ్రూపులో ఉన్న ఆడవాళ్లలో నోరున్నదాన్ని నేనే. అయినా ఆ రోజు ఒక్క మాట రాయలేదు.

ఆఖరు ముందే చెప్పడం పాపం అని నాకు నేర్పింది వీళ్లు కాదు, ఒక బీడీల మనిషి. ఆ పాపం ఆమె కూడా ఒకసారి చేసింది, గల్లీ అంతా చూస్తుండగా. పోయిన వానకాలంలో ఆమె చనిపోయింది. పేరు రాయను. రాస్తే మా గల్లీలో ఇప్పటికీ కొందరు ఆ పేరు విని పిల్లల్ని లోపలికి పిలుస్తారు. ఎందుకు పిలుస్తారో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నన్ను బోధన్‌కి ఇచ్చారు. మూతబడ్డ షక్కర్ ఫ్యాక్టరీ వెనక గల్లీ మాది. పెళ్లైన కొత్తలోనే మా అత్త నా ఒళ్లో చాట పెట్టి, అందులో తునికాకూ తంబాకూ పోసి, "కూసోని చెయ్యి బిడ్డా, చేతులు ఊకుంటే మనసు ఊకుండది" అంది. మా ఇళ్ల ఆడవాళ్లం అందరం నేను చెప్పిన ఆ బీడీల మనిషి వాకిట్లోనే కూర్చుని బీడీలు చేసేవాళ్లం. నీడ ఉందని కాదు, ఆమె కథలు చెబుతుందని. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. మనిషి పొట్టి, గొంతు బొంగురు. కళ్లజోడుకు ఒక పక్క కాడ విరిగితే బీడీలకు చుట్టే దారంతోనే చెవికి కట్టుకునేది. కొత్తది కొనుక్కోవచ్చు కదా అంటే, "గీ జోడుతోటి ఎన్ని పీనుగులను సూసిన్నో, కొత్తదానికి అలవాటు కావాలె గదా" అనేది.

ఆమెది మెథడిస్టు కుటుంబం. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోయి వచ్చేది. వచ్చాక చీర మార్చకుండానే టీవీ ముందు కూర్చునేది. అప్పట్లో ఆదివారం మధ్యాహ్నాలు తెలుగులో మాటలు పెట్టిన ఇంగ్లీషు సినిమాలు వచ్చేవి. సినిమా మొదలయ్యే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. దయ్యాల సినిమాకు ప్రార్థనేమిటని నవ్వితే కసిరేది.

"దేవుడు పక్కన ఉంటేనే దయ్యాన్ని ధైర్యంగ సూడొచ్చు. మీ లెక్క దుప్పటి కప్పుకోని సూస్తనా?"

పాస్టరమ్మ ఒకసారి మందలించడానికి ఇంటికే వచ్చింది. ఆదివారం పూట ఇవేం సినిమాలమ్మా అని. ఈమె చాయ్ పోసిచ్చి, నిమ్మళంగా అడిగింది: "దయ్యాలను వెళ్లగొట్టిన ముచ్చట చర్చిల మీరే చదువుతరు గదమ్మా. ఎట్లుంటయో సూడకపోతె, వెళ్లగొట్టింది దయ్యాన్నేనని నాకెట్ల ఎరుకయితది?" పాస్టరమ్మ చాయ్ తాగి వెళ్లిపోయింది. తర్వాత్తర్వాత ఆమె కూడా వచ్చి గడప దగ్గర నిలబడి ఒక ముక్క విని పోయేది, ఎవరూ చూడలేదనుకుని.

సోమవారం పొద్దున్నే మాకు కథ మొదలు. ఆమె చెప్పే తీరు వేరు. ఇంగ్లీషు పేర్లు మాకు నోరు తిరగవని అన్నీ మన దిక్కుకే తెచ్చేది. సముద్రం శ్రీరాంసాగర్ అయ్యేది. రాకెట్టు బాల్కొండ అవతల నీళ్లలో కూలేది. చీకటి అడవి ఉంటే అది ఇందల్వాయి అడవే. ఎంత పెద్ద సైంటిస్టు వచ్చినా ఆయన ధర్పల్లి సారే. ధర్పల్లి సారు ఎన్ని కథల్లో చచ్చాడో లెక్కే లేదు, మళ్లీ వచ్చే సోమవారానికి అద్దాలు తుడుచుకుంటూ తయారు. మనుషుల రూపురేఖలు కూడా అంతే. "గీ పిల్ల మన కిరాణా షావుకారి బిడ్డ లెక్క ఉంటది" అంటే ఇక మాకు ఆ పిల్లే కళ్ల ముందు నడిచేది.

భయపడే చోటు వచ్చే ముందు ఆమె కత్తెర ఆగేది. అప్పటిదాకా ఆకు కత్తిరిస్తూ టకటకమనే కత్తెర ఠక్కున ఆగిందంటే మా అందరి చేతులూ ఆగిపోయేవి. ఆమె పెదవి చివర చిన్న నవ్వు. నాకు సినిమాలో దయ్యం కంటే ఆ నవ్వే ఎక్కువ భయం.

మా అత్తది దయ్యాల పార్టీ. పెద్దమ్మది గ్రహాల పార్టీ. ఈ ఇద్దరికీ రోజూ కొట్లాటే.

"ఏమన్న అను వదినె, దయ్యమంటె మన దయ్యమే. గా పైకెల్లి వచ్చే జిగట జిగట పురుగులను సూస్తే నాకు కక్కొస్తది గని భయమయితదా?" అనేది అత్త.

"దయ్యానికి ఒక కారణముంటది వదినె. ఎవలో సంపిండ్రు, పగ వట్టింది. పగ తీరితే పోతది. దానితోటి మాట్లాడొచ్చు. పైకెల్లి వచ్చినదానికి మన మీద పగ లేదు, కోపం లేదు. ఊకెనే వచ్చింది. దాన్ని ఏమని బతిమాలుతవు?"

ఇప్పుడు మా గ్రూపులో పేజీలకు పేజీలు రాసేవాళ్లున్నారు. ఇంత సూటిగా ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఆమెకు ఒకటే నియమం. కథ ఎంత జోరులో ఉన్నా సాయంత్రం అయ్యేసరికి ఆపేసేది. "ఆఖరు రేపు" అని చాట దులుపుకుని లేచేది. కాళ్లు పట్టుకున్నా చెప్పేది కాదు. మా అత్త ఒకసారి అలిగి అన్నం మానేసింది. అయినా లాభం లేదు. "ఆఖరు ముందుగాల్నే చెప్తే కథను గొంతు పిసికి సంపినట్టే" అనేది.

ఒక ఆదివారం తడిచెంగు సినిమా వచ్చింది, మాలో చూసింది పెద్దమ్మ ఒక్కతే. అసలు పేరు ఇంకేదో. మేము పెట్టుకున్న పేరు అది. ఆకాశం నుంచి ఒక వెలుగు వచ్చి చెరువులో పడుతుంది. ఆ పొద్దున బట్టలుతకడానికి వెళ్లిన ఒక ఒంటరి ఆడమనిషి నీళ్లలో మునిగి, కాసేపటికి బయటికి వస్తుంది. అన్నీ మామూలే. అదే నడక, అదే మాట. కానీ చెంగు ఆరదు. ఎండలో నిలబడ్డా, పొయ్యి పక్కన కూర్చున్నా, చుక్క చుక్క నీళ్లు కారుతూనే ఉంటాయి. ఆమె ముద్దు చేసి తల నిమిరిన పిల్లలు ఒక్కొక్కటీ మరిచిపోతారు. ముందు ఆడుకునే ఆట మరిచిపోతారు. తర్వాత తమ పేరు. ఆఖరికి కన్నతల్లిని చూసి నువ్వెవరు అంటారు.

అక్కడ కత్తెర ఆగింది. అందరం బిక్కచచ్చి కూర్చున్నాం. "గా చెంగు ఎట్లుండె పెద్దమ్మా?" అని ఎవరో అడిగారు. సరిగ్గా అప్పుడే మా గల్లీ చివరింటి ముసలామె పనినుంచి వస్తూ మా ముందు నుంచి పోయింది. పెద్దమ్మ గడ్డం ఎగరేసి, "గాగో, గట్లనే" అంది. ముసలామె చీర కింది అంచు నుంచి నిజంగానే నీళ్లు కారుతున్నాయి. అందరం ఘొల్లున నవ్వాం.

ఆ ముసలామెది దెగ్లూరు వైపు, మహారాష్ట్ర. ఎప్పుడో వచ్చి ఇక్కడ పడింది. నా అన్నవాళ్లు లేరు. ఫంక్షన్ హాళ్లలో గిన్నెలు తోమేది, అందుకే ఎప్పుడు చూసినా చీర తడే. తెలుగు అంతంతమాత్రం. పెళ్లి ఉన్న రోజు మిగిలిన బూందీ కొంగులో మూట కట్టుకొచ్చి గల్లీ పిల్లలకు పంచేది. పంచి, ఒక్కొక్కరి తలా నిమిరేది.

మేం నవ్విన సమయానికి ఆటో నడిపే అన్న భార్య దారం అడగడానికి వచ్చి నిలబడి ఉంది. ఆమె కథ మొదలు వినలేదు. వెలుగు వినలేదు, చెరువు వినలేదు, సినిమా అన్న మాటే వినలేదు. ఆమె విన్నది ఒకటే: పిల్లల తల నిమురుతుంది, పిల్లలు తల్లిని మరిచిపోతారు, అదిగో ఆ తడిచెంగు ఆమే. దారం తీసుకుని తిరిగిపోయింది.

ఆ సాయంత్రం కూడా "ఆఖరు రేపు" అంది పెద్దమ్మ. మర్నాడు అడిగితే మళ్లీ రేపు అంది. ఆ మర్నాడు తలనొప్పి అంది. వేరే పాత కథ ఏదో ఎత్తుకుంది. మా అత్త ఊరుకుంటుందా? "ఏందే వదినె, గీ సిన్మ చెరుకు లారీల లైను కంటె పొడుగున్నదా ఏంది, ఒడుస్తలేదు?" అంది. పెద్దమ్మ నవ్వలేదు. ఆమె అట్లా వాయిదా వేయడం మేమెప్పుడూ చూడలేదు.

ఆఖరు లేని కథ ఊరికే కూర్చోదు. ఆడవాళ్ల నోట మగవాళ్ల చెవిలో పడింది. బావి దగ్గర, కల్లు దుకాణం దగ్గర, ఆటో స్టాండులో తిరిగింది. సినిమా అన్న మాట దారిలో ఎక్కడో రాలిపోయింది. పిల్లల్ని చివరింటి వైపు పంపడం మానేశారు. ఒక పొద్దున మోరీ కాలవలో బూందీ కుప్పగా పడి ఉంది, చీమలు పట్టి. ముసలామె దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడింది. ఎవరు పారేశారో అడగలేదు. పెద్దమ్మ కూడా చూసింది. ఆ రోజు ఆమె ఏ కథా చెప్పలేదు.

తర్వాత ఇంటింటికీ తిరిగి చెప్పింది, అది ఉత్త సినిమా ముచ్చట అని. నేనూ వెంట పోయాను. ఎవరు వింటారు? "నువ్వు సిన్మల సూసినవు, మేము కండ్లార సూస్తున్నం గదా" అన్నారు. ఎండాకాలంలో కూడా ఆమె చెంగు ఆరదేమని ఒకరు నన్నే ఎదురు ప్రశ్న వేశారు. గిన్నెలు తోమేవాళ్ల చీర ఎట్లా ఆరుతుందమ్మా అన్నాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. నాకు ఒళ్లు మండిపోయింది, లోపల భయం కూడా వేసింది.

అప్పుడే ఆటో అన్న కొడుక్కి జ్వరం వచ్చింది. చిన్నపిల్లవాడు, మాటలు ముద్దుగా చెప్పేవాడు. రెండు రోజులు ఇంట్లోనే ఏవో గోలీలు వేశారు. తగ్గలేదు. మూడో రోజు మధ్యాహ్నం వాడు కళ్లు తేలేసి, తల్లి పిలుస్తుంటే ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. "అవ్వ ఏది?" అన్నాడు, ఆ తల్లి చేతుల్లోనే ఉండి. ఆ తల్లి వేసిన కేక మా వాకిట్లోకి వినపడింది.

పొద్దుగూకేసరికి చివరింటి ముందు జనం. ఊరి నుంచి ఆటో అన్న చుట్టాలు కూడా దిగారు. చేతబడి చేసినవాళ్ల పళ్లు ఊడగొడితే మంత్రం పనిచేయదని మా దిక్కున ఒక నమ్మకం ఉంది. ఒకతని చేతిలో అందుకే బండరాయి ఉంది. ఆటో అన్న ఆటోలోంచి కిరోసిన్ డబ్బా దించుకొచ్చాడు. ఏడ్చి ఏడ్చి అతని కళ్లు నిప్పుల్లా ఉన్నాయి. మంచి మనిషే, రోజూ నన్ను "చెల్లె" అని పలకరించేవాడే. ఆ సాయంత్రం నేనెదురుగా నిలబడినా అతనికి కనపడలేదు. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. "మీ కాయ్ కేలం? మీ కాయ్ కేలం?" అని ముసలామె లోపలి నుంచి ఏడుస్తోంది. నేనేం చేశాను అని. అది కూడా మంత్రమే అన్నాడొకడు. ఎవరైనా పోలీసులకు చెప్పండి అన్నాను, ఆ గోలలో ఎవరికీ వినపడలేదు.

జనాన్ని తోసుకుంటూ పెద్దమ్మ వచ్చింది. చంకలో చాట. అరుస్తుందేమో, బతిమాలుతుందేమో అనుకున్నాను. తలుపుకు వీపు ఆనించి గడప మీద కూర్చుంది. చాట ఒళ్లో పెట్టుకుంది. ఆకు తీసింది, కత్తెర తీసింది.

"తడిచెంగు కథ సగంల ఆగింది. ఆఖరు ఇనుండ్రి" అంది.

"లేవవే ముసల్దానా!" అని అరిచాడు ఆటో అన్న.

"ఇని సంపుతవో సంపి ఇంటవో నీ ఇష్టం. నేను చెప్తున్న."

ఆమె చాట పెట్టుకుని కూర్చుంటే మా ఒళ్లు వాటంతటవే కూర్చుంటాయి, అన్నేళ్ల అలవాటు. మా అత్త ముందు కూర్చుంది. కావాలని కూర్చుందో, అలవాటు కొద్దీ కూర్చుందో ఇప్పటికీ చెప్పదు. ఆమె పక్కన నేను. తర్వాత మా వాకిటి ఆడవాళ్లు ఒక్కొక్కరు కూలబడ్డారు. తలుపుకూ మగవాళ్లకూ మధ్య మేమొక అడ్డం అయ్యాం. మమ్మల్ని తొక్కుకుంటూ ముందుకు రావడానికి వాళ్లకు కాళ్లు రాలేదు. నేను ఆమె చేతులే చూస్తున్నాను. ఆకు తిన్నగా తెగక చీలిపోతోంది. చీలిన ఆకు పక్కన పడేసి ఇంకొకటి తీసేది. గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"ఊరోళ్లందరు రాళ్లు వట్టుకోని గామె ఇంటి మీదికి పోయిండ్రు. గిట్లనే, పొద్దుమూకి. తలుపు వలగ్గొట్టిండ్రు. లోపట ఏమున్నది? ఒక ముసలామె పొయ్యికాడ చెంగు ఆరవెట్టుకుంటున్నది. మనిషే. ఉత్త మనిషి. చెరువుల వడ్డది గామె లోపటికి పోనే లేదు."

"మరి యాడికి వోయింది?" అంది మా అత్త. రోజూ అడిగినట్టే అడిగింది.

కత్తెర ఆగింది.

"గా ఊర్లె ఇంకొకామె ఉంటది. నోరు ఊకుండని మనిషి. పదిమందిని కూసోవెట్టుకోని, గామె చెంగు సూడుండ్రి, గామె చెయ్యి సూడుండ్రి అని చెప్పింది ఎవలు? గా నోరున్నామె. పైకెల్లి వచ్చింది గామె నోట్లె దూరింది. దానికి నెత్తురు అక్కెర లేదు, పానం అక్కెర లేదు. మనిషిని సూసి మనిషి భయపడాలె, బుగులువడాలె. గదే దానికి బువ్వ."

"గామెను ఏం జేసిండ్రు వదినె?"

"ఏం జేస్తరు. గామె తలుపుకాడనే కూసున్నది. పట్టుకుంటె పట్టుకోండ్రి అన్నది."

అని చాట కింద పెట్టి, కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

ఆటో అన్న మమ్మల్ని దాటుకుంటూ వచ్చాడు. చాటను ఒక్క తన్ను తన్నాడు, తంబాకు గాలికి లేచి అందరికీ తుమ్ములు. ఆమె జుట్టు పట్టుకుని తల పైకి లేపాడు. రెండో చేతిలో డబ్బా ఉంది. ఆమె చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. తెరిచిన కళ్లతో అతన్నే చూస్తోంది.

మా అత్త కూర్చున్నచోటి నుంచే అడిగింది, గట్టిగా కూడా కాదు:

"ఒరే, మీరందరు గీడనే ఉన్నరు. పోరని కాడ ఎవలున్నరు?"

అతని భార్య గుంపులోనే ఉంది. ఆమె కెవ్వుమని అరిచి ఇంటి వైపు పరుగెత్తింది. అతను జుట్టు వదిలేశాడు. డబ్బా ఎక్కడ పడేశాడో, ఆమె వెనకే పరుగు. మంచం మీద పిల్లవాడు ఒక్కడే ఉన్నాడు, కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాడు. అదే ఆటోలో వేసుకుని నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. జ్వరం మెదడుకు ఎక్కిందట. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు. చాలా రోజులకు ఇంటికి తెచ్చారు. బతికాడు. ఇప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు, మీసాలొచ్చాయి.

అంతా సర్దుకుందని అనుకుంటాం. భయం అట్లా పోదు, ఇల్లు మారుతుందంతే. ముసలామెను వదిలేశారు. పెద్దమ్మను పట్టుకున్నారు. "ఆమె నోట్లె ఏదో ఉన్నది, తనే ఒప్పుకున్నది గదా" అన్నారు. వాకిట్లో కూర్చునేవాళ్లు తగ్గిపోయారు. ఆమె ఇంట్లో మంచినీళ్లు తాగడం మానేశారు. చర్చిలో ఆమె బెంచీ మీద పక్క చోటు ఖాళీగా ఉండేది. ఆమె నడుస్తుంటే తల్లులు పిల్లల్ని లోపలికి పిలిచేవాళ్లు. మిగిలింది నేనూ, మా అత్తా. ఎప్పుడైనా ఆ ముసలామె వచ్చి ఓ మూల కూర్చునేది, అర్థమైనా కాకపోయినా.

"ఎందుకు పెద్దమ్మా మీదేసుకున్నవు? సిన్మల ఎట్లున్నా, ఇంకేదన్న చెప్పొద్దా?" అని ఒకసారి అరిచాను.

"నాకు నోరున్నది బిడ్డా, ఎవలన్న ఏదన్న అంటె నాలుగు మాటలు మల్ల అంట. గామెకు తెలుగే సక్కగ రాదు. గామె ఏమని చెప్పుకుంటది?" అంది, ఆకు కత్తిరిస్తూ.

మేం నిజామాబాద్ వచ్చేశాం. ఏడాది కింద మా గ్రూపులో ఎవరో పాత సినిమాల మూట ఒకటి పెట్టారు. అందులో ఒకదాని మొదటి బొమ్మ చూడగానే నా చేతిలో గుడ్డ జారిపోయింది. చెరువు, వెలుగు, బట్టలుతికే మనిషి. మిషన్ ఆపేసి చూశాను. ఆఖరుదాకా చూశాను. ఊరివాళ్లు తలుపు పగలగొడతారు. లోపల ఉన్నది మనిషి కాదు, నిజంగా అదే. ఇంటితో సహా తగలబెడతారు. పిల్లలందరికీ తల్లులు గుర్తొస్తారు. ఊరంతా పండగ, పాట, మంచి ఎండ. నాకు ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. గుంపుదే న్యాయమని తేల్చిన సినిమా అది.

అప్పటికే పెద్దమ్మకు ఆయాసం ముదిరింది. బీడీలు చేసి చేసి ఊపిరితిత్తుల నిండా తంబాకే. బస్సెక్కి బోధన్ పోయాను. మంచం మీద కూర్చోబెట్టి, "పెద్దమ్మా, తడిచెంగు సిన్మ దొరికింది. ఫోన్ల ఉన్నది" అన్నాను.

ఆమె కళ్లు చిన్నపిల్లవి అయ్యాయి. "పూరా ఉన్నదా? ఆఖరుదాకా?"

"పూరా ఉన్నది. నేను సూసిన. గా ఆఖరుకు..."

ఆమె చెయ్యి వచ్చి నా నోరు మూసింది. అంత ఆయాసంలోనూ గట్టిగా మూసింది.

"చెప్పకు. గా దినం ఆఖరుకు కరెంటు పోయింది బిడ్డా. నేను సూడనే లేదు. సూడలేదని చెప్పనీకి సిగ్గయి, రేపు రేపు అనుకుంట తిరిగిన. గట్ల తిరగబట్టే గింత పనయింది."

కాసేపు ఊపిరి కూడదీసుకుంది. ఆ గడప మీద, ఆ రాళ్ల ముందు, లేని ఆఖరును అప్పటికప్పుడు అల్లుకుందన్నమాట ఈ మనిషి.

"అయితె సూడు పెద్దమ్మా. ఇప్పుడన్న సూడు" అన్నాను.

"సూడాలెననే ఉన్నది. ఎన్నేండ్ల సంది ఉన్నదో. గని గది నేను చెప్పినట్టు లేదనుకో, నా మొఖం జూస్తేనే గల్లీలోళ్లకు ఎరుకయితది. గా ముసలామె ఇంక గదే ఇంట్ల ఉంటున్నది. నేను చెప్పిందే ఆఖరని గల్లీ అంత నిద్రవోతున్నది. లేపకు బిడ్డా."

ఫోన్ మూసి సంచిలో వేసుకున్నాను. ఆమె వేరే సినిమా ఏదన్నా చెప్పమంది. చెప్పాను. సగం చెప్పేసరికి నిద్రపోయింది. నెల తిరగకుండానే పోయింది.

ఆమెను పాతిపెట్టిన రోజు సన్నగా వాన. శ్మశానంలో పెద్దగా జనం లేరు. పాస్టరు ప్రార్థన చేస్తుంటే, పాస్టరమ్మ కళ్లు తుడుచుకుంటోంది. ముసలామె వెనకెక్కడో, గేటు పక్కన ఒంటరిగా నిలబడింది, ముందుకు రావచ్చో రాకూడదో తెలియక. ఆటో అన్న నా పక్కకు వచ్చాడు. జుట్టు నెరిసిపోయింది.

"చెల్లె, ఒక మాట అడుగుత. నువ్వు గసొంటి సిన్మలన్ని సూస్తవంట గదా. గీ చేతితోటే గామె జుట్టు వట్టుకున్న నేను. పండుకుంటె గదే యాదికొస్తది. గా సిన్మ నిజంగ గట్లనే ఉంటదా? లేకపోతె నన్ను ఆపనీకి అన్నదా? ఉన్నదున్నట్టు చెప్పు."

అతను అడుగుతున్నది నన్నే అయినా చూస్తున్నది గేటు దగ్గరి ముసలామె వైపు. పెద్దమ్మ గుంతలోకి దిగుతోంది, తాళ్లు జారుతున్న చప్పుడు.

"ఆఖరుదాకా సూసిన అన్నా" అన్నాను. "గామె చెప్పినట్టే ఉన్నది. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు."

అతను తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత గేటు దాకా నడిచాడు. "రా అవ్వా, మట్టి ఎయ్యి" అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. కాళ్ల కింద బురద జారుతోందని ఆమె చెయ్యి పట్టుకుని గుంత దాకా మెల్లగా నడిపించుకొచ్చాడు.